మొదటి చుట్టు బ్రేకు మేడమ్‌ది

ఆవిడ కారు నడపడం నేర్పుతుంది. తీరిక దొరికితే వీడియో గేములు ఆడుతుంది. మొదటి సంగతి చెబితే ఎవరూ ఏమీ అనరు. రెండోది చెప్పగానే కొందరు ముసిముసిగా నవ్వుతారు, ఇంకొందరు "అబ్బ, ఈ వయసులో ఎంత హుషారండీ!" అని మెచ్చుకుంటారు. నవ్వినవాళ్ళని ఆవిడ క్షమిస్తుంది, మెచ్చుకున్నవాళ్ళని క్షమించదు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి పేకాట ఆడితే అది కాలక్షేపం, సీరియల్లో అత్తగారిని చూసి పళ్ళు కొరికితే అది మామూలు. అదే మనిషి తెర మీద కొండదారిలో కారు తిప్పితే మాత్రం స్ఫూర్తి! ఒక పత్రికాయన ఆవిడ ఫోటో వేసి కింద "ఆటల బామ్మ" అని అచ్చేశాడు. ఆవిడ ఫోన్ చేసి, "నాకు మనవలు లేరండీ. ఉన్నా మీకు మాత్రం బామ్మని కాను," అని పెట్టేసింది.

వీధిలో ఆవిడ పేరు బ్రేకు మేడమ్. డ్రైవింగ్ స్కూలు కారులో నేర్పేవాళ్ళ సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. స్టీరింగ్ పట్టుకున్నవాళ్ళు బండి తామే నడుపుతున్నామనుకుంటారు. నిజానికి వాళ్ళని ఇంటికి చేర్చేది ఆ రెండో బ్రేకు మీద వాలి ఉన్న ఆవిడ కుడికాలు. ఆ కాలంటే ఆవిడకి గర్వం, దాచుకోదు కూడా. "నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు గోడల్ని గుద్దారు, స్తంభాల్ని గుద్దారు, ఒకాయన సొంత గేటునే గుద్దాడు. అన్నీ తర్వాత, వాళ్ళ వాళ్ళ కార్లతో. నా కారుతో కాదు," అంటుంది. "ఈ కాలు ఆలస్యమైన రోజున తాళాలు మా ఆయన చేతిలో పెట్టి ఇంట్లో కూర్చుంటా," అని కూడా అంటుంది. అది నవ్వుతూ అనే మాటే. కానీ ఉత్తుత్తి మాట కాదు.

ఆటలు అంటుకున్నదీ ఆ కాలు వల్లే. ఒకప్పుడు ఇంటి మెట్ల మీద జారి మడమ విరగ్గొట్టుకుంది. కట్టు విప్పేదాకా కదలొద్దన్నారు. చేతిలో స్టీరింగ్ లేక పిచ్చెక్కి, మంచం మీంచి కిటికీలో కనబడిన ప్రతి బండినీ తిట్టడం మొదలుపెట్టింది. అది భరించలేక తమ్ముడు తన టీవీల కొట్టులోంచి వీడియో గేములు ఆడే ఒక పాత కన్సోల్ పెట్టె తెచ్చి టీవీకి తగిలించాడు. ఎవరో రిపేరుకిచ్చి మళ్ళీ మొహం చూపించనిది. కట్టు విప్పే నాటికి ఆవిడ మంచం దిగకుండానే మూడు ఖండాల రోడ్లు చుట్టేసింది. ఆ కన్సోల్ మళ్ళీ కొట్టు గడప తొక్కలేదు.

అప్పటినుంచీ తమ్ముడి కొట్టులో ఒక ఆనవాయితీ ఏర్పడింది. ఏ కొత్త కన్సోల్ వచ్చినా, ఏ పెద్ద ఆట వచ్చినా, మొదటి చుట్టు అక్కది. ఆడాక ఆవిడ తన తీర్పుని ఫోన్లో మాటల్లోనే రికార్డు చేసి, తన దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్ళ గ్రూపులో పెడుతుంది. టైపు చెయ్యడం ఆవిడకి గిట్టదు. వాళ్ళు దాన్ని తమ పిల్లలకి పంపుతారు, పిల్లలు స్నేహితులకి పంపుతారు. మేడమ్ బాగుందంటే కొట్టు ముందు జనం. బాగాలేదంటే తమ్ముడు మొహం వేలాడేసుకుంటాడు, అయినా మొదటి చుట్టు మాన్పించలేదు. అక్క మీద ప్రేమ అంటారు కొందరు. ప్రేమ ఉంటే ఉండొచ్చు. అక్క నోటిని ఎవరూ కొనలేరని ఊరంతా నమ్ముతుంది కాబట్టే ఆవిడ బాగుందన్న సరుకు నిలవ ఉండదని వ్యాపారస్తుడికి తెలియదా?

ఈసారి వచ్చిన కన్సోల్ మామూలుది కాదు. ఏళ్ళ తరబడి అందరూ ఎదురుచూసింది. అమ్మకాలు మొదలవడానికి ముందే ఒక నమూనా పెట్టె రెండు ఆటలతో వచ్చింది. అసలు ఆట, అంటే కార్ల ఆట, అమ్మకాల రోజున గానీ తెరుచుకోదు. తమ్ముడు నమూనా పెట్టెని అక్క ఇంటికి పంపాడు. ఆవిడ తన పాత చిన్న టీవీకి తగిలించి ఆడి, గ్రూపులో తన గొంతు వినిపించింది.

"హలో, నేనే. ముందు పెట్టె సంగతి. చూడ్డానికి ఏం బాగాలేదు. నిలబెడితే చెత్తబుట్ట, పడుకోబెడితే అటక మీద సూట్‌కేసు. అయితే చప్పుడు లేదు. పాతది ఆడుతుంటే మా ఆయన వంటింట్లోంచి 'విమానం దిగిందా?' అని అడిగేవాడు. ఇప్పుడు ఆడుతున్నానో లేదో కూడా తెలీక తలుపు తీసి చూస్తున్నాడు. ఆట తెరుచుకోవడం కూడా చిటికెలో. ఇదివరకు అది తెరుచుకునేలోపు టీ పెట్టుకుని తాగేదాన్ని. ఇక టీ మానెయ్యాలి. చేత్తో పట్టుకుని ఆడే కంట్రోలర్‌కి మాత్రం దండం పెట్టొచ్చు. బ్రేకు మీట వేలికి ఎదురు తంతుంది. గట్టిగా నొక్కితే గట్టిగా, మెల్లిగా నొక్కితే మెల్లిగా. ఇన్నాళ్ళకి ఒకడికి బ్రేకంటే ఏమిటో తెలిసింది.

"ఇక ఆటలు. మంచుకొండల్లో కత్తి పట్టుకుని తిరిగే కుర్రాడి ఆట ఉంది చూశారూ, మంచు అద్భుతం. అడుగేస్తే కరకరమంటుంది, ఊపిరి వదిలితే పొగొస్తుంది. కుర్రాడే బాగాలేడు. ఎలుగుబంటి మీదపడుతుంటే ఆగి, వాళ్ళ నాన్న గురించి ఉపన్యాసం ఇస్తాడు. నేనైతే ఎలుగుబంటి పక్షం. అరువు తెచ్చుకుని ఆడండి, కొనకండి. రెండోది, ఇద్దరు కలిసి ఇల్లు ఖాళీ చేసే ఆట. ఒకరు సోఫాకి ఈ కొస, ఇంకొకరు ఆ కొస పట్టుకుని గుమ్మంలోంచి బయటికి తేవాలి, అంతే. నేనూ మా ఆయనా ఆడాం. పెళ్ళైన కొత్తలో అనుకోవాల్సినవి అప్పుడు మిగిలిపోయినట్టున్నాయి, అన్నీ మొన్న అనేసుకున్నాం. కళ్ళు మూసుకుని కొనండి. కార్ల ఆట సంగతి అది ఆడాక చెబుతా. ఉంటాను."

ఊరు ఆ తీర్పు విని నవ్వుకుని, కార్ల ఆట కోసం కూర్చుంది.

అమ్మకాల రోజు పొద్దున్నే కొట్టు తుడిచి, కుర్చీలు వేసి, తమ్ముడు తన దగ్గరున్న అన్నింటికంటే పెద్ద టీవీని ముందుకి తెచ్చి పెట్టాడు. దాని ముందు నిలబడితే మొహం మీద వెలుగు పడుతుంది. అందులో ఆకుపచ్చ మరీ ఆకుపచ్చగా, ఎరుపు మరీ ఎరుపుగా కనబడుతుంది. కన్సోల్‌తో పాటు ఆ టీవీ కూడా అమ్ముడుపోవాలని అతని ఆశ. జనం గుమ్మం దాకా నిండారు. ఆవిడ నీలం చీర కొంగు దోపుకుని వచ్చి, ముందు కుర్చీలో కూర్చుని, అలవాటుగా ఎదురుగా లేని అద్దం సర్దబోయి ఆగింది. నవ్వులు వినబడ్డాయి.

"మేడమ్, సీటుబెల్టు!" అని అరిచాడు వెనకనుంచి మందుల కొట్టాయన.

"మీరు పెట్టుకోండి ముందు. పార్కింగులో పెట్టుకోరు, రోడ్డు మీద పెట్టుకోరు," అందావిడ వెనక్కి తిరక్కుండా.

ఆవిడ పద్ధతి వేరు. అందరూ యాక్సిలరేటర్ అదిమి, ఎంత వేగం వెళుతుందో చూస్తారు. ఆవిడ మొదటి చుట్టంతా బ్రేకే చూస్తుంది. పరుగెత్తే బండిని ఎవరైనా తయారుచేస్తారనీ, ఆగే బండిని తయారుచెయ్యడమే పనితనమనీ ఆవిడ నమ్మకం. కారు కదిలింది. సముద్రం పక్కన రోడ్డు, ఎడమ మలుపు. ఆవిడ వేలు బ్రేకు మీట నొక్కింది, బొటనవేలు స్టీరింగ్ తిప్పింది. కారు తిన్నగా పోయి గోడకి కొట్టుకుంది.

"ఫరవాలేదు, కొత్త బండి," అన్నారెవరో.

రెండోసారి ఇంకా నెమ్మదిగా వెళ్ళింది. అదే మలుపు, అదే గోడ. మూడోసారీ అంతే. నాలుగోసారి గోడ తగిలినప్పుడు ఆవిడ కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుంది.

"స్టీరింగ్ ఆలస్యంగా తిరుగుతోంది. బ్రేకూ అంతే. నేను నొక్కాక అది ఆలోచించుకుంటోంది."

తమ్ముడి కూతురు ముందుకొచ్చింది. కాలేజీ అయిపోయి కొట్టు చూసుకుంటున్న పిల్ల, ఆటల్లో చెయ్యి తిరిగినది, అత్తకి ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క పోటీ. "ఏదీ ఇలా ఇవ్వత్తా," అని కంట్రోలర్ తీసుకుని, నిలబడే ఒక చుట్టు వేసింది. ఎక్కడా గోడ తగల్లేదు. జనం చప్పట్లు కొట్టారు.

"ఎక్కడుందత్తా ఆలస్యం?"

"ఉందే. నాకు తెలుస్తోంది."

"నాకు తెలీడం లేదే మరి! అంటే..." అని పిల్ల ఆగిపోయింది. ఆ తర్వాత మాట కొట్టులో అందరికీ వినబడినట్టే అయింది.

తమ్ముడు వంగి మెల్లిగా, "అక్కా, పొద్దున్నుంచీ ఇద్దరికి నేర్పి వచ్చావు, అలిసిపోయుంటావు. సాయంత్రం ఆడుదువుగానిలే," అన్నాడు. జనం పడీపడీ నవ్వినా ఆవిడకి అంత మండేది కాదు. ఆ మెల్లిదనానికే ఒళ్ళు మండింది. ఆసుపత్రి వరండాలో మాట్లాడే గొంతు అది.

బయటికొచ్చి మెట్టు మీద నిలబడి ఫోన్ తీసింది. "నేనే. కార్ల ఆట కొనకండి. బొమ్మలు బాగున్నాయి, బండి బాగాలేదు. నొక్కినప్పుడు ఆగదు, దానికి బుద్ధి పుట్టినప్పుడు ఆగుతుంది. అంతే." పంపేసి కారెక్కింది. స్టీరింగ్ మీద చేతులు పెట్టి వాటి వంకే చూసుకుంది. ఆట చెడ్డదని ఊరందరికీ చెప్పింది సరే, ఆలస్యం తన చేతుల్లోనే ఉంటే? చేతుల్లో ఉన్నది కాళ్ళలో ఉండదా? తాళాల గుత్తి వంక ఒకసారి చూసి, వెంటనే చూపు తిప్పేసుకుంది.

ఆ పూట నేర్చుకోవాల్సింది దర్జీ ఆవిడ. మనిషి చురుకు, చెప్పింది టక్కున పట్టేస్తుంది. ఒక్కటే చిక్కు. జీవితమంతా మోటారు కుట్టుమిషన్ మీద పనిచేసింది. ఆ మిషన్ పెడల్ తొక్కితే నడుస్తుంది, కాలెత్తితే ఆగుతుంది. అందుకని కారుని ఆపాలన్నప్పుడల్లా ఆవిడ బ్రేకు తొక్కదు, కాలెత్తేసి కారు ఆగడం కోసం ఎదురుచూస్తుంది.

"కాలెత్తితే ఆగడానికి ఇది జాకెట్టు కాదమ్మా, కారు. బ్రేకు తొక్కాలి," అని మేడమ్ చెప్పని రోజు లేదు.

"తెలుసు మేడమ్. తలకి తెలుసు. కాలికే ఇంకా తెలీలేదు."

మార్కెట్ వెనక సందులోకి తిరిగారు. మేడమ్ మనసు ఇంకా ఆ సముద్రం గోడ దగ్గరే ఉంది. ముందు నిలబెట్టి ఉన్న సరుకుల వ్యాను వెనక తలుపు హఠాత్తుగా బార్లా తెరుచుకుంది. పెట్టె ఎత్తుకున్న మనిషి ఒకడు వెనక్కి చూసుకోకుండా రోడ్డు మీదికి దిగాడు. దర్జీ ఆవిడ ఠక్కున కాలెత్తేసి, స్టీరింగ్ పట్టుకుని, ఆగుతుందని కూర్చుంది. కారు దొర్లుతూనే ఉంది.

ఆగింది. దర్జీ ఆవిడ అయ్యో అనే లోపే ఆగింది. పెట్టె మోసే మనిషి కారు ముందు లైటుని మోకాలితో తాకగలిగేంత దగ్గర నిలబడి, ఏమీ జరగనట్టు చెయ్యూపి పోయాడు. బ్రేకు మేడమ్ తన కుడికాలి వంక చూసుకుంది. ఎప్పుడు తొక్కిందో తనకే తెలియదు. తలుపు కదలడం కన్ను పట్టుకుంది, ఆ కబురు మనసుకి చేరకముందే కాలు దిగిపోయింది.

"మేడమ్, క్షమించండి, మళ్ళీ కాలెత్తేశాను," అంది దర్జీ ఆవిడ ఏడుపు గొంతుతో.

"ఎత్తమ్మా, ఎత్తు! ఇవాళ నువ్వెంత ఎత్తినా నేనేమీ అనను," అంది మేడమ్. మొహం పెళ్ళిపందిరిలా వెలిగిపోతోంది. దర్జీ ఆవిడ భయంగా చూసింది. రెండు వీధులు దాటాక మేడమ్ ఉన్నట్టుండి అడిగింది. "ఇంట్లో మిషన్ ఎక్కినప్పుడు కాలెత్తడం గురించి ఆలోచిస్తావా?"

"లేదు మేడమ్. ఎత్తుతున్నానని కూడా తెలీదు. అలవాటైపోయింది."

"ఆ పిల్లకీ అంతే!" అని మేడమ్ డాష్‌బోర్డు మీద చేత్తో ఒకటి చరిచింది. "మా ఇంట్లో చిన్న టీవీ మీద ఈ ఆలస్యం లేదు, ఆ పిల్ల రోజూ కొట్టులో ఆ పెద్ద టీవీ మీదే పాత ఆటలు ఆడుతుంది. ఆలస్యానికి చెయ్యి అలవాటు పడిపోయుంటుంది. మలుపు రాకముందే తిప్పేస్తోంది, తిప్పుతున్నానని దానికే తెలీదు. పద, కారు తమ్ముడి కొట్టుకి పోనీ."

"నా పాఠం మేడమ్?"

"ఇదే పాఠం. అద్దం చూసుకుని ఎడమకి తిప్పు."

కొట్టులో జనం ఇంకా ఉన్నారు. కానీ కార్ల ఆట పెట్టెలు వరస చెదరకుండా అలాగే ఉన్నాయి. తమ్ముడు అక్కని చూసి నవ్వాలో మానాలో తెలియని మొహం పెట్టాడు. మేడమ్ వెనక దర్జీ ఆవిడ, చేతిలో కారు తాళాలతో, పెళ్ళికి పిలుపు లేకుండా వచ్చినదానిలా నిలబడింది.

"ఒరే, నీ గల్లాపెట్టె దగ్గర కెమెరాలు చూపించే చిన్న తెర ఉంది చూడు. దానికి ఈ కన్సోల్ తగిలించు."

"దానికా? అక్కా, అందులో దొంగ మొహమే సరిగ్గా కనబడదు."

"నేను మొహాలు చూడను, బ్రేకు చూస్తాను. తగిలించరా."

మేనకోడలే వైరు పెట్టింది. దుమ్ము పట్టిన చిన్న తెర మీద సముద్రం వెలిసిపోయిన చీరలా కనబడింది. బ్రేకు మేడమ్ గల్లాపెట్టె ముందు స్టూలు మీద కూర్చుని కంట్రోలర్ అందుకుంది. ఎడమ మలుపు వచ్చింది. వేలు నొక్కింది, కారు ముక్కు వంగింది. బొటనవేలు తిప్పింది, కారు తిరిగింది. గోడ పక్కనుంచి కాస్త ఎడంగా, మర్యాదగా, జారిపోయింది. తర్వాతి మలుపూ అంతే. వంతెన కింద వంకరటింకర మలుపులు వచ్చాయి. పొద్దున్నుంచీ కొట్టులో మేనకోడలు తప్ప ఎవరూ వాటిని గోడ తగలకుండా దాటలేదు. మందుల కొట్టాయన ఊపిరి బిగబట్టడం అందరికీ వినబడింది. ఆవిడ దాటేసింది. ముగింపు గీత దగ్గర ఆపి, హ్యాండ్ బ్రేకు కూడా వేసి, కంట్రోలర్ మేనకోడలికి అందించింది.

"ఇప్పుడు నువ్వు ఆడు."

పిల్ల ఆడింది. మొదటి మలుపులోనే, గోడ లేని వైపుకి, గడ్డిలోకి దిగిపోయింది. కారు మరీ తొందరగా తిరిగిపోయింది. మళ్ళీ ఆడింది, మళ్ళీ గడ్డి. ఒక్క క్షణం తెర వంకా, దూరంగా మెరిసిపోతున్న గోడంత టీవీ వంకా మార్చి మార్చి చూసి, నెత్తి మీద చేత్తో కొట్టుకుంది.

"నాన్నా, ఆ టీవీ షాపు మోడ్‌లో ఉందా?"

"మరెందులో ఉంటుంది? కొట్టులో ఉన్న టీవీ షాపు మోడ్‌లో కాక ఇంకెందులో ఉంటుందే!" అన్నాడు తమ్ముడు. ఈ పనిలోకి దిగినప్పటినుంచీ ఏ టీవీని పెట్టెలోంచి తీసినా అతను మొదట చేసే పని అదే. రంగులు చిక్కబడాలి, బొమ్మ నున్నగా జారాలి, వీధిలో పోయేవాడు ఆగి చూడాలి. అందుకోసం టీవీ ప్రతి బొమ్మనీ కాసేపు తన దగ్గర ఉంచుకుని, ముస్తాబు చేసి మరీ బయటికి పంపుతుంది. ఊరికే చూసేవాళ్ళకి ఆ ఆలస్యం తెలియదు. మీట నొక్కినవాళ్ళకి తెలుస్తుంది, అదీ చెయ్యి దానికి అలవాటు పడకముందు అయితేనే.

పిల్ల వెళ్ళి టీవీని ఇంటి మోడ్‌కి మార్చింది. ఆకుపచ్చ మామూలు ఆకుపచ్చ అయింది. ఎవరో తన కొట్టు గోడల సున్నం గీకేసినట్టు తమ్ముడు విలవిల్లాడిపోయాడు. "కళంతా పోయిందే!" ఆవిడ వెళ్ళి ఆ పెద్ద టీవీ ముందు మళ్ళీ ఒక చుట్టు వేసింది. ఎక్కడా గోడ లేదు, గడ్డి లేదు. ఈసారి చప్పట్లు మొదలుపెట్టింది దర్జీ ఆవిడ.

"అత్తా," అంది పిల్ల, కాలి బొటనవేలితో నేల రాస్తూ. "ఇందాక నేనన్నది..."

"నువ్వేమీ అనలేదుగా. మధ్యలో ఆపేశావు. ఆపడం వచ్చు నీకు, మంచి డ్రైవరువి అవుతావు," అంది మేడమ్.

ఆవిడ ఫోన్ తియ్యగానే తమ్ముడు గబగబా పక్కకొచ్చాడు. "అక్కా, ఆట బాగుందని చెప్పు, చాలు. టీవీ మాట ఎత్తకు. దాని మీదే ఇంత ఆశ పెట్టుకున్నాను. నీకు పుణ్యముంటుంది."

"నాకు పుణ్యం వద్దురా. నా మాట నాకుంటే చాలు," అని ఆవిడ అందరి ముందే, గొంతు తగ్గించకుండా, రికార్డు మీట నొక్కింది.

"నేనే. పొద్దున కార్ల ఆట కొనకండి అన్నాను. అందులో సగం రైటు, సగం తప్పు. ఆలస్యం ఉందన్నది రైటు. అది ఆటలో ఉందన్నది తప్పు. ఆలస్యం మా తమ్ముడి కొట్టులో టీవీది. అంటే టీవీ చెడ్డదని కాదు, దాన్ని పెళ్ళికూతురిలా ముస్తాబు చేసి కూర్చోబెట్టారు. ముస్తాబు తీసేస్తే అదీ మంచి టీవీయే. మీ ఇంట్లో ఏ టీవీ అయినా సరే, షాపు మోడ్ తీసేసి ఆడండి. ఆట మాత్రం మొదటి తరగతి. టైరు కింద తడి రోడ్డు, పొడి రోడ్డు తేడా వేలికి తెలుస్తుంది. ఒకే ఒక్క లోపం, రోడ్డు మీద ఒక్కడూ ఇండికేటర్ వెయ్యడు. ఇంకొక సంగతి. పొద్దున నా చేతులు నెమ్మదించాయని కొందరు అనుకున్నారు. పైకి అనలేదులెండి. వాళ్ళందరూ వినాలని చెబుతున్నా. కొత్త పాఠాలకి పేర్లు తీసుకుంటున్నాను. ఉంటాను."

తమ్ముడు నెత్తి పట్టుకుని కూర్చున్నాడు. అయితే మందుల కొట్టాయన ముందుకొచ్చి, "ఏదీ, ముస్తాబు లేని ఆ టీవీ ఇంకోసారి చూపించండి. ఇంట్లో మా ఆవిడకి ఈ మెరుపు కళ్ళకి గుచ్చుకుంటుంది," అనేసరికి టక్కున లేచాడు. ఆయనకి చూపించి, సరే అనిపించుకున్నాక, తనకీ హుషారొచ్చింది. "అక్కా, నేనూ ఒక చుట్టు వేస్తా," అన్నాడు. జన్మలో కారు నడపని మనిషి. చిన్నప్పుడు సైకిలు కూడా అక్క వెనక కూర్చునే తొక్కినవాడు.

ఆవిడ పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. కారు బయల్దేరింది, సముద్రం వచ్చింది, మలుపు వచ్చింది. బ్రేకు మేడమ్ కుడికాలు కొట్టు గచ్చు మీద ధన్‌మని పడింది. ఆ చప్పుడు వినబడ్డాక, నిమ్మళంగా, తమ్ముడి కారు వెళ్ళి గోడకి కొట్టుకుంది.

"ఇప్పుడు ఆలస్యం ఎవరిదత్తా?" అంది మేనకోడలు.

"మీ నాన్నదే, ఇంకెవరిది? కాలు తీసి బ్రేకు తొక్కరా అంటే వినడేం!"

"అక్కా, ఇందులో కాళ్ళు లేవు, వేళ్ళే!"

"నీకు లేవు. నాకున్నాయి," అంది బ్రేకు మేడమ్, కాలు మళ్ళీ సిద్ధంగా పెట్టుకుంటూ. "పోనీ. ఇంకో చుట్టు వెయ్యి. నేనున్నాగా."